గళ్ల కాగితం మీద ఓబులమ్మ

హిందూపురం,
6 జనవరి 2025

మార్కండేయులు మామకు, నీ మేనకోడలు ప్రమోద నమస్కారాలు.

ఫోన్ చేస్తే మగ్గం చప్పుడులో నీకు వినబడదు. మగ్గం ఆపితే ఆపించినందుకు నా మీద అరుస్తావు. అందుకే పోస్టాఫీసును నమ్ముకున్నాను. అత్తకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? అమ్మ పంపిన నూనె రాసుకోమను, దీపాలకు వాడొద్దను.

ముందు మా లైబ్రరీ వింత చెప్పనివ్వు. పాత బీరువా జరిపితే వెనక ఒక ట్రంకుపెట్టె దొరికింది. ఈ ఊళ్లో ఒకప్పుడు గుండప్ప అని ఒకాయన ఫొటోలు తీసేవాడట. స్టూడియో మూసేశాక ఆయన కొడుకు పాత పత్రికలతో పాటు ఈ పెట్టెను కూడా లైబ్రరీకి ఇచ్చేశాడట. తీసి చూస్తే ఇరవై మూడు ఫొటోలు. ఇరవై మూడూ పిల్లులే! 1938 నుంచి 1954 దాకా తీసినవి. ఒక్కో పిల్లి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన పూలకుండీ, వెనక రాజమహలు తెర. ఒకటి కదిలినట్టుంది, దానికి మూడు తలలు వచ్చాయి. ఇంకొకదాని తోకను ఎవరిదో చెయ్యి పట్టుకుని ఉంది, ఆ చేతికి వాచీ. ప్రతి ఫొటో వెనకా సిరాతో ఒక ఆడపేరు, సంవత్సరం, మీ ధర్మవరం పేరు రాసి ఉన్నాయి. పిల్లులకు ఇంత చక్కటి పేర్లు పెట్టినవాళ్లెవరు మామా? నీకేమైనా తెలుసా? వచ్చే నెల రెండో తేదీన వీటితో ప్రదర్శన పెడుతున్నాను.

ఇక అసలు సంగతి, నా పెళ్లి చీర. కొంగు డిజైన్ గళ్ల కాగితం ఈ ఉత్తరంతోనే పెట్టిస్తున్నాను. మగ్గం మీద నేసే బొమ్మను పేరుపెట్టి పిలిస్తే దిష్టి అని మీ ఇంటి ఆచారం కదా, అందుకే పేరు రాయడం లేదు. చూడగానే నీకే తెలుస్తుంది. కాగితం మీద ఒకటే ఉంది, నువ్వు జంటగా, ఎదురెదురుగా నెయ్యి. మెడ నీలం, తోక ఆకుపచ్చ. దయచేసి ప్రశ్నలు అడక్కు, నాకు ఇదే కావాలి. లోకేష్ కూడా సరేనన్నాడు.

ఒక్కటే భయం. లోకేష్ వాళ్ల అవ్వ ఓబులమ్మగారు తెలుసు కదా, తాంబూలాల రోజు పెనుకొండలో పిల్లి ఎదురొచ్చిందని ఆటో వెనక్కి తిప్పించి గంటన్నర ఆలస్యంగా వచ్చిన ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. ముహూర్తం చీర మగ్గం దిగగానే ముందు తన చేతిలో పెట్టాలట. మడత తనే విప్పుతుందట. నచ్చకపోతే ముహూర్తమే మారుస్తానంటోంది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. నాకు లోకేష్‌నే చేసుకోవాలని ఉంది మామా, సిగ్గు విడిచి రాస్తున్నాను. కాబట్టి కొంచెం జాగ్రత్త.

నా బల్ల నిండా కాగితాలే. గళ్ల కాగితం తీసి కవర్లో పెట్టి పోస్టు చెయ్యమని మా అటెండర్ ఉలిగప్పకు చెప్పి నేను మీటింగుకు పోతున్నాను.

తొందరలో ఉన్న
ప్రమోద


ధర్మవరం,
11 జనవరి 2025

అమ్మా ప్రమోదా,

నీ ఉత్తరం, దానితో వచ్చిన కాగితం రెండూ అందాయి. ఉత్తరం ఒకసారి చదివాను. కాగితం మాత్రం నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను.

ప్రశ్నలు అడక్కూడదన్నావు కాబట్టి అడగను. మీ అత్త అడిగింది. ‘దానికి మెడ నీలమేంది, పిచ్చి గిన పట్టిందా పిల్లకు?’ అంది. పెళ్లికూతురు కోరింది నేయడమే మన పని, కళ్లు మూసుకుని కండెలు చుట్టు అన్నాను. డిజైన్ ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టే మురళి ఈ కాగితం చూసి, ‘ఏమప్పా, ఇది పెండ్లి చీరకేనా? నిజంగా పెండ్లికేనా?’ అని మూడుసార్లు అడిగినాడు. ‘నీ పని అట్టలు కొట్టేది, నోరు కాదు’ అని చెప్పి వచ్చాను.

నలభై ఏళ్లలో ఇలాంటి కొంగు నేను నేయలేదు. కానీ రాత్రి కూర్చుని ఆలోచిస్తే నీ మనసు అర్థమైంది. ఆ ఫొటోల కథ మా అమ్మ నీకు చెప్పే ఉంటుంది, లేకుంటే నువ్వు దీన్నే ఎందుకు కోరుకుంటావు? అమ్మ బతికి ఉంటే ఎంత సంతోషపడేదో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మీ అత్తకు చెప్పకు.

మూడు సంగతులు వెంటనే తెలియజెయ్యి. ఒకటి, తోక ఎట్లా ఉండాలి? రెండు, మెడలో చిన్న గంట పెట్టనా? మూడు, కాళ్లు నాలుగూ కనబడాలా? ఇంకో మాట, ఇది చూసి పెనుకొండ ముసలామె ఏమంటుందో ఆలోచించావా?

నూనె మంచిదే. దీపం బాగా వెలుగుతోంది.

ఇట్లు, నోరు మూసుకుని నేస్తున్న
నీ మామ


హిందూపురం,
17 జనవరి 2025

మామా,

నీ కళ్లలో నీళ్లు తిరిగాయని చదివి నాక్కూడా తిరిగాయి. మీ అమ్మ, అదే మా అవ్వ, నాకు చిన్నప్పుడు మిద్దె మీద చూపించి చాలా కథలు చెప్పింది, అది మరిచిపోతానా?

నీ ప్రశ్నలకు జవాబులు. తోక ఎంత విచ్చుకుంటే అంత అందం, దానికి ఉన్న అందమంతా తోకలోనే కదా. మెడలో గంటెందుకు మామా, అదేమైనా ఆవా? నోట్లో ముత్యాల హారం పెట్టు, అందరూ అలాగే పెడతారు. కాళ్లు నాలుగు చాలు. జంటకు నాలుగే కదా ఉండేది!

లోకేష్ అవ్వ గురించి దిగులు పడకు. లోకేష్‌ను కనుక్కున్నాను. ఓబులమ్మగారికి అదంటే ప్రాణమట. వాళ్ల తలుపు మీద అదే చెక్కించారట, నీళ్ల చెంబు మీదా అదేనట, చివరికి దిండు గలీబు మీద కూడా అదే. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వస్తూ ఫోన్లో చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు.

ప్రదర్శన పనులు జోరుగా సాగుతున్నాయి. అసలు ఫొటోలు పాడైపోకుండా బాగు చేయించాలని పెట్టెకు సీలు వేసి అనంతపురం పంపేశాం. పంపే ముందు, నీకు మొదటి ఉత్తరం రాసిన రోజు పొద్దుటే, ప్రింట్లు తీసుకున్నాను. తెల్లకాగితాలు అయిపోతే ఏదో బడివాళ్లు ఇచ్చిన లెక్కల గళ్ల కాగితాల మీదే తీశాను. పిల్లులు కటకటాల వెనక ఉన్నట్టు వచ్చాయి కానీ బాగానే ఉన్నాయి. ఒక్కోదాని కింద పేరు రాయమని ఉలిగప్పకు చెప్పాను. అతని చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ‘మేడమ్, మా ఇంట్లో మనుషులకే ఇంత మంచి పేర్లు లేవు’ అని వాపోయాడు.

పేర్లు పెట్టడం బాగుంటుంది కదా మామా?

ప్రమోద


ధర్మవరం,
23 జనవరి 2025

అమ్మా ప్రమోదా,

పేర్లు పెట్టడం చాలా మంచి పని. ఇన్నేళ్లకైనా వాళ్ల పేర్లు నలుగురూ చదువుతారు. అప్పట్లో వాళ్ల మొహం చూసినవాడు లేడు, పేరు అడిగినవాడు లేడు.

పెనుకొండ సంగతి చదివి నేను నోరు తెరిచాను. అది ఎదురొచ్చిందని ఆటో తిప్పించిన మనిషి, దాన్నే తలుపు మీద చెక్కించుకుందా? దిండు మీద కూడానా? పెద్దవాళ్లు పైకి ఒకటి చూపించి లోపల ఇంకొకటి పెట్టుకుంటారని ఇప్పుడు తెలిసింది. నాకు ధైర్యం వచ్చింది.

నువ్వు చెప్పినట్టే తోక విచ్చుకునేలా నేశాను. కుక్కను చూసినట్టు విచ్చుకుంది. దానికే నాలుగు రోజులు పట్టింది. జంటకు నాలుగు కాళ్లు ఎట్లా సరిపోతాయో నాకు మొదట తట్టలేదు. లెక్క తప్పావేమో అనుకున్నాను. తర్వాత రెండింటినీ కూర్చోబెట్టేశాను, వెనక కాళ్లు కనబడవు. కాగితంలో ముందరి ఎడమకాలు తెల్లగా ఉంది, దాన్ని అట్లాగే వెండి జరీతో దించాను. నోట్లో ముత్యాలు కూడా పెట్టాను. దాని నోట్లో ఉండాల్సింది నాకు తెలుసు, నీకూ తెలుసు. కానీ శుభకార్యం కాబట్టి ముత్యాలే మేలు.

మురళి రోజూ వచ్చి మగ్గం కింద దూరి చూసి పోతున్నాడు. ఎందుకప్పా అంటే, ‘ఇట్లాంటిది మళ్లీ చూస్తామో లేదో’ అంటాడు. మెచ్చుకోలో ఎగతాళో తెలియలేదు, మెచ్చుకోలు కిందే వేసుకున్నాను.

పదకొండు రోజుల్లో దిగుతుంది. నేనే స్వయంగా తీసుకుపోయి ఓబులమ్మగారి చేతిలో పెడతాను.

కుక్క అన్నానని ఏమీ అనుకోకు, పోలిక కోసం అన్నాను.

నీ మామ


హిందూపురం,
3 ఫిబ్రవరి 2025

మామా! మామా!

నీ ఫోన్ స్విచ్చాఫ్. అత్తకు చేస్తే ‘మీ మామ మంచి చొక్కా ఏసుకొని రేపటికి తయారుగా కూర్చోనుండాడు’ అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఈ ఉత్తరం నీకు చేరేలోగా ఏం కొంప మునుగుతుందో తెలియదు, అయినా రాయకుండా ఉండలేను.

నిన్న ప్రదర్శన మొదలైంది. జనం బాగా వచ్చారు. మూడు తలల పిల్లి దగ్గర పిల్లలు గుంపు కట్టారు. నేను ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా లడ్డూలు పంచుతూ తిరుగుతున్నాను. అప్పుడు చూశాను మామా. పిల్లుల మధ్యలో, పందొమ్మిదో నంబరు చోట, నెమలి ఉంది! నా నెమలి! నా కొంగు కోసం నేను పది రోజులు కూర్చుని గీసుకున్న నెమలి! కింద ఉలిగప్ప గుండ్రటి చేతిరాతలో ‘ఓబులమ్మ, ధర్మవరం, 1952’ అని ఉంది.

ఉలిగప్పను పిలిచి అడిగాను. ‘బల్లమీద గళ్ల కాగితాలు ఉండె మేడమ్, మీరు పెట్టమన్నారని పైనున్నది కవర్లో పెట్టినా. ఇది కూడా పిల్లే అనుకుంటి, తోక కొంచెం పెద్దదని మాత్రం అనుకుంటి’ అన్నాడు.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గంట. కాళ్లు. కుక్క. మామా, నువ్వు ఏం నేస్తున్నావు?

ఇది సగమే. లోకేష్ వాళ్ల అవ్వను కూడా తీసుకొచ్చాడు. నేను వద్దన్నాను, పిల్లులంటే ఆమెకు పడదు కదా. నేను పెట్టిన ప్రదర్శనంటే చూస్తానని ఆమే పట్టుబట్టిందట. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, లోకేష్ చేత పేరు చదివించుకుంటూ వచ్చింది. నెమలి దగ్గర తన పేరు వినబడగానే ఆగిపోయింది. చేత్తో కాగితం తడిమింది. ‘ఈడ ఉండాల్సింది ఇది కాదు. నాది యాడ పాయ?’ అని నన్ను అడిగింది. ఏమిటవ్వా అన్నాను. ‘నాది యాడ పెట్టినావు?’ అని మళ్లీ అడిగి, బెంచీ మీద కూర్చుని, లడ్డూ కూడా ముట్టకుండా వెళ్లిపోయింది.

లోకేష్ ఇప్పుడే ఫోన్ చేశాడు. అవ్వ అన్నం తినలేదట, గోడవైపు తిరిగి పడుకుందట. ఆమె పేరు పక్షికి పెట్టామని కోపమని వాళ్లింట్లో అనుకుంటున్నారు. ఇలాంటప్పుడు నువ్వు పోయి ఆమె చేతుల్లో పిల్లుల చీర పెడితే ఇంకేమైనా ఉందా? నా పెళ్లి అంతే సంగతులు. చీర ఇంకా మగ్గం మీదే ఉంటే కోసెయ్యి. బయల్దేరి ఉంటే దారిలోనే దిగిపో.

ఏడుస్తూ
ప్రమోద


పెనుకొండ బస్టాండు,
4 ఫిబ్రవరి 2025

అమ్మా ప్రమోదా,

ధర్మవరం బస్సుకు ఇంకా గంట టైముంది. చేతిలో టీ ఉంది, మనసు నిండుగా ఉంది, అందుకే ఇక్కడే రాస్తున్నాను.

పొద్దున పదింటికి ఓబులమ్మగారి ఇంటికి పోయాను. అందరూ గుసగుసలాడుతున్నారు. పెద్దామె మూడు పూటలుగా ఏమీ తినలేదట. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇంకో రోజు రానా అన్నాను. లోపలి నుంచి ‘ఎవరప్పా? చీరాయనా? రమ్మను’ అని గొంతు వినబడింది.

తలుపు మీద చూశాను. నువ్వు రాసింది కాదు, నెమలి ఉంది. ఇది వేరే తలుపేమో అనుకున్నాను.

మంచం మీద కూర్చుని మడత విప్పింది. అంచు చూసింది, మధ్యభాగం చూసింది. కొంగు వచ్చింది. ఆమె కోడలు కొంగు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దామె మాత్రం వంగి, వేలితో ఎడమకాలు తడిమింది. వెండి జరీ ఉంది చూడు, అక్కడ. తడిమి తడిమి, ‘మల్లీ’ అంది.

చీరను మెచ్చుకున్నవాళ్లను చూశాను, వంకలు పెట్టినవాళ్లను చూశాను. పేరుపెట్టి పిలిచినవాళ్లను ఈ రోజే చూశాను.

నువ్వు అమ్మ దగ్గర విన్నదే ఆమె నాకు మళ్లీ చెప్పింది. ఆమె పుట్టిల్లు కూడా మన వీధిలోనేనట. అప్పట్లో అక్కడ మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో పిల్లి ఉండేది. గంజి పెట్టిన పడుగు దారాలను ఎలుకలు వదలవు కదా. అందుకే ఆడపిల్లను అత్తవారింటికి పంపితే పిల్లికూనను కూడా పంపేవాళ్లు. హిందూపురం నుంచి గుండప్ప పెళ్లికూతుళ్ల ఫొటోలు తీయడానికి వచ్చేవాడు. ఓబులమ్మగారి మాటల్లోనే రాస్తాను. ‘నన్ను కుర్చీలో కూర్చోబెట్టినారప్పా. ఫొటో తీస్తే ఆయుస్సు తగ్గుతాదని మా జేజి, అదే మా నాయన వాళ్లమ్మ, వచ్చి రెక్క పట్టుకొని లేపేసింది. ఫొటో ఆయప్ప అంత దూరం నుంచి వచ్చినాడు, ఉత్త చేతులతో ఎట్లా పంపేదని మా నాయన మా పిల్లి మల్లిని కూర్చోబెట్టినాడు. ఎనక నా పేరు రాపిచ్చినాడు. మగపిల్లోని ఇంటికి అదే పంపినారు, ఇంకొకటి ఫొటో ఆయప్ప పెట్టుకున్నాడు.’

ఆ వీధిలో అందరిదీ అదే కథ. మా నాయన కూడా తాళి కట్టేదాకా మా అమ్మను పిల్లిగానే చూశాడు. కళ్లు బాగున్నాయని ఒప్పుకున్నాడట.

తర్వాత ఆమె చెప్పింది నాకు కూడా తెలియదు. పెళ్లయ్యాక మల్లిని చంకలో పెట్టుకుని పెనుకొండ వచ్చిందట. ఇక్కడ మగ్గం లేదు, బట్టల కొట్టు. మగ్గం లేని ఇంట్లో పిల్లెందుకని మూడోరోజే బుట్టలో పెట్టి బస్సులో తిరిగి పంపేశారట. పదిహేనేళ్ల పిల్ల, ఎదురు చెప్పలేదు. మల్లి మళ్లీ మన ఊరు చేరిందో లేదో కూడా ఎవరూ చెప్పలేదట. ‘పిల్లి ఎదురైతే నేను ఎనక్కి తిరిగేది శకునమని అనుకుంటాండారు వీళ్లు. శకునం కాదప్పా. దాని ఎదురుగా పోను నాకు మొగం చెల్లదు’ అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఈసారి మీ అత్తకు చెప్పినా ఫరవాలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది. ‘మల్లికి మెడ నీలమేందప్పా? చలికి బిగుసుకుపోయిందా?’ మీ మనవడికి కాబోయే పెళ్లాం అడిగింది అన్నాను. ‘తోక పచ్చగా ఉండాదే?’ అదీ ఆ పిల్లే అడిగింది. ‘నోట్లో ముత్యాలు?’ అదీ ఆ పిల్లే. పెద్దామె నవ్వడం మొదలుపెట్టింది చూడు, మంచం కిర్రుమంది. ‘మల్లి మా జేజి ముత్యాల చెవికమ్మ ఎత్తుకొనిపోయి అటక మీద దాచిపెట్టింది ఒగసారి. ఈ పిల్లకు ఎట్లా తెలిసెనో!’ అంది. తర్వాత చారన్నం పెట్టించుకుని రెండుసార్లు తినింది.

ముహూర్తం మారదు. ఈ చీరే కట్టుకోవాలని చెప్పమంది. ఇంకొక షరతు కూడా పెట్టింది, అది నువ్వూ మీ అమ్మా తీర్చాలి. పెళ్లికూతురు ఒట్టి చేతులతో రాకూడదట.

బస్సు వచ్చింది.

నీ మామ

ధర్మవరం, 6వ తేదీ. ఈ ఉత్తరం పోస్టులో వేయడం మరిచి జేబులోనే ఇల్లు చేర్చాను. ఇంతలో నీ ఏడుపు ఉత్తరం వచ్చింది. నెమలా? నెమలికా నువ్వు తోక విప్పమన్నది? మరి నేను పిల్లికి తోక విప్పడానికి నాలుగు రోజులు కష్టపడ్డానే! మురళికి చెప్పను. నువ్వూ చెప్పకు. అమ్మ నీకు మిద్దె మీద చూపించింది కూడా నెమలే అయ్యుంటుంది, ఇప్పుడు అర్థమైంది. పోనీలే. పెనుకొండకు మాత్రం ఈ సంగతి ఎప్పటికీ తెలియకూడదు.


పెనుకొండ,
25 ఫిబ్రవరి 2025

మామకు,

పెళ్లిలో నువ్వు తొందరగా వెళ్లిపోయావు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు నా కొంగు చూసిన ప్రతి ఒక్కరూ ముందు నన్ను చూశారు, తర్వాత కొంగు చూశారు, తర్వాత మళ్లీ నన్ను చూశారు. ఇదెక్కడి కొత్త డిజైన్ అని లోకేష్ ఫ్యాక్టరీ స్నేహితుల భార్యలు ముగ్గురు నీ చిరునామా అడిగారు. నీలం మెడలు నేయడానికి సిద్ధంగా ఉండు.

పెనుకొండకు నిజం చెప్పొద్దన్నావు. చెప్పేశాను మామా. కొత్త ఇంట్లో మూడోరోజు ఊరుకోలేక అవ్వ పక్కన కూర్చుని, ఉలిగప్ప కవరు దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆమె అంతా విని, ‘ఆ ఉలిగప్పకు ఒగ పంచె ఇప్పిచ్చల్ల’ అంది. నిన్న ఇప్పించాం. ఎందుకో అతనికి ఇప్పటికీ తెలియదు, కట్టుకుని తిరుగుతున్నాడు.

ప్రదర్శనలో పేర్లు మార్చి రాయించాను. ఇది ఫలానా ఆమె పిల్లి, ఆమెను ఫొటో తీయనివ్వలేదు అని ఒక్కోదాని కింద రెండు వరుసలు. నెమలిని మాత్రం తీయనివ్వలేదు పిల్లలు.

అమ్మ హిందూపురంలో వీధి వీధీ తిరిగి పట్టుకొచ్చిన పిల్లికూనకు కాలు తెల్లగా లేదు, చెవి తెల్లగా ఉంది. అవ్వ దాన్ని చూసి ‘పరవాలేదు, ఇది దాని మనవరాలు’ అనేసింది. ఇప్పుడు దిండు మీద నెమలి, నెమలి మీద కూన, పక్కన అవ్వ. ఈ ఇంట్లో మగ్గం లేదని ఎవరూ అనలేదు.

పెళ్లి ఫొటోలు వచ్చాయి. అందరం కెమెరా వైపు చూస్తున్నాం. అవ్వ మాత్రం ఒళ్లో కూన వైపు చూస్తోంది. పిల్లల పుట్టినరోజులకైనా, మనవళ్ల పెళ్లిళ్లకైనా ఆమె ఎప్పుడూ ఫొటోకు నిలబడలేదట, ఇదే మొదటిది. ఒక ప్రింటు అడిగి తీసుకున్నాను. అనంతపురం నుంచి ట్రంకుపెట్టె తిరిగి రాగానే ఇరవై నాలుగోదిగా అందులో పెడతాను. వెనక ఏం రాయమంటావవ్వా అని అడిగితే, కలం తనే తీసుకుని, ఒక్కో అక్షరం నిలబెట్టి, ‘ఓబులమ్మ, పెనుకొండ, 2025’ అని రాసింది. రాసి, తిప్పి, ఫొటోలో తన మొహం చూసుకుంది.

‘ఈ తూరి నేనే’ అంది.

నీ
ప్రమోద